గొట్టం ఇసుక వైపే

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో నేను కారు నడిపే ఇంటి పెద్దాయన్ని అందరిలాగే నేనూ బాబా అంటాను. ఎనభై దగ్గర పడుతున్నా, పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆయన దగ్గరొక పాతకాలం రివాల్వరుంది. మామూలు తూటాలు దానికి పనికిరావు. ఒక్కో గదిలో మందు పోసి, సీసపు గుండు దిగ్గొట్టి, పైన కొవ్వు రాసి, వెనక చిన్న రాగి క్యాప్ తొడగాలి. ఆరు గదులున్నా ఐదే నింపుతాడు. సుత్తి ఆనే గది ఖాళీగా ఉండాలట. శుక్రవారం పొద్దున్నే తుపాకులు కాల్చే రేంజికి తీసుకెళ్లేవాణ్ణి.

ఈమధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. రేంజిలో ఎవరి తుపాకి వాళ్లే నింపుకోవాలి. ఇక తుపాకి మానెయ్యమని కొడుకు అప్పటికే ఇంట్లో గొణుగుతున్నాడు. ఆ శుక్రవారం క్యాపులు తొడగలేకపోతే ఆ తుపాకి ఇక బీరువాలోకేనని బాబాకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి క్యాప్ జారి కింద పడింది. రెండోదీ అంతే. తీసివ్వబోతే "ఖల్లీ, వదిలెయ్" అని కసిరాడు. నాకు చిర్రెత్తింది. సాయం తీసుకుంటే ఈయన సొమ్మేం పోతుంది? చివరికి ఐదూ తొడిగి, చెమట తుడుచుకుని నాకు కన్నుగీటాడు. నా కోపమంతా పోయింది, భలే సంతోషమేసింది.

మొదటి గుండు పేలింది. తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసనకు నాకెప్పుడూ రాయచోటి దగ్గర మా వేరుశనగ చేను గుర్తొస్తుంది. అడవిపందుల్ని బెదరగొట్టడానికి మా నాయన దగ్గర నాటు తుపాకి ఉండేది. ఒకరోజు పేలలేదేమిటా అని గొట్టం తిప్పి చూస్తుంటే పేలింది. కుడి కన్ను పోయింది.

రెండోసారి సుత్తి పడింది. క్యాప్ టప్పుమంది, అంతే, గుండు పేలలేదు. అలాంటప్పుడు గొట్టం ఇసుక దిబ్బ వైపే పట్టుకుని కాసేపు ఆగాలి. అది నాకు చెప్పింది బాబానే. కానీ అలసిపోయాడో ఏమో, తుపాకిని దగ్గరికి తెచ్చుకుని తిప్పబోయాడు.

నాకొచ్చిన కాస్త అరబ్బీ ఆ క్షణాన ఎగిరిపోయింది.

"నాయనా, తిప్పగాకు! అట్లే పట్టుకో" అని తెలుగులో అరిచాను.

ఆయనకు తెలుగు రాదు. అయినా చెయ్యి ఆగింది. గొట్టం మళ్లీ ఇసుక వైపు తిరిగింది. అప్పుడు పేలింది.

మిగిలిన మూడూ నిదానంగా దిబ్బలోకి కాల్చేసి "ఖలాస్, ఇంక చాలు" అన్నాడు. ఆయన్ని ఎవరూ మానమనలేదు.

"క్యాపులు మీరే తొడిగినారు కదా బాబా, ఇంకేమి?" అని కారులో వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

"చెయ్యి బాగానే చేసింది. తలే మరిచిపోయింది" అన్నాడు.

ఇంటికి రాగానే తుపాకి పెట్టె తాళంచెవి కొడుక్కివ్వకుండా నా చేతిలో పెట్టాడు. "నేను అడిగినా ఇవ్వకు" అన్నాడు.

తరవాతి శుక్రవారం పొద్దున్నే తయారై బయటికొచ్చాడు. "యల్లా, పోదాం" అంటూ నా ముందు చెయ్యి చాపాడు. తాళంచెవి నా జేబులోనే ఉంది. నేను ఇవ్వలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ ఇవ్వలేదు.

బాబా చెయ్యి దించుకుని కారెక్కి, అబూ హలీఫా వైపు, సముద్రం దగ్గరికి పోనిమ్మన్నాడు.