ఆరుద్ర పురుగుకి వదిలిన మట్టి

మడత విప్పని కొత్త నేతచీరని ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి వాసన వస్తుంది, కాస్త పుల్లగా, కాస్త ఎండతగిలిన నూలులా. బెజవాడ హోల్‌సేల్ కొట్టుకి నా చీరలు పట్టుకెళితే కొనేవాళ్ళు మూతి ముడిచి, ఒక ఉతుక్కి పోతుందా అండీ అని అడుగుతారు. పోతుంది లెండి అంటాను. నా ముక్కులోంచి మాత్రం యాభై ఏళ్ళయినా పోలేదు, పోనివ్వను కూడా.

కంకిపాడు దగ్గర మా వీధి వీధంతా మగ్గాలే. తెల్లారగట్ల, ఎండ చురుక్కుమనకముందే, పడుగుని, అంటే చీర నిలువునా నడిచే దారాలన్నిటినీ, వీధి ఈ చివరి గుంజ నుంచి ఆ చివరి గుంజదాకా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టేవాళ్ళు. ఆ దారాల కింద నుంచి వంగి దూరి బడికి పోవడం, నెత్తి తగిలిందంటే తిట్లు తినడం, మొలకెత్తిన మామిడి టెంకని బండకి రాసి పీక చేసుకుని చెవులు చిల్లులు పడేలా ఊదడం, ఇదీ మా ఎండాకాలం. ఉగాదికి వేపపూత, రోహిణికి రోళ్ళు పగిలే ఎండ, తొలకరికి దీపం చుట్టూ ఉసిళ్ళు, ఆరుద్ర కార్తెకి ఆరుద్ర పురుగులు, ఎప్పటికి రావాల్సినవి అప్పటికి వచ్చేవి.

కుంకుమలో దొర్లించిన మఖమల్ గుండీలా ఉండే ఆ పురుగుని ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకునేది. మొదటి పురుగు కనబడితే వానాకాలం దిగినట్టే, ఇక వీధిలో పడుగు చాపకూడదు. కనబడేదాకా ధీమాగా చాపొచ్చు. మా నాయనమ్మ పంచాంగం కన్నా దాన్నే నమ్మేది. రోజూ కాలవగట్టు వెతికొచ్చే పని నాది, మొదటిది తెచ్చినవాళ్ళకి కొబ్బరిలౌజు.

నేను నాలుగో క్లాసులో ఉన్న ఏడు, శ్రావణమాసం చీరల పడుగు సిద్ధమైంది. వరలక్ష్మీ వ్రతానికి అమ్ముడుపోయే ఆ చీరలమీదే మా ఇంటిల్లిపాదికీ అన్నం. అప్పటికింకా రోహిణి కార్తే.

"ఒసే, పురుగు కనబడిందా?" అంది నాయనమ్మ.

"లేదు నాయనమ్మా, గట్టంతా చూశా."

"అయితే చాపండ్రా!"

గంజి పట్టించి సగం దువ్వారో లేదో, ఉరుమైనా లేకుండా కుండపోతగా వాన. చుట్టేలోపే గంజంతా కాలవలోకి పోయింది, దారాలు ముద్దయిపోయాయి. తాత అరుగుమీద తల పట్టుకుని కూర్చున్నాడు. పిల్ల సరిగ్గా వెతకలేదేమో అని ఎవరో అన్నారు. నేను గొల్లుమన్నాను.

నాయనమ్మ తడిసిన కొంగు బొడ్లో దోపుకుని లేచింది. "పిల్లదాన్నంటారేంట్రా? కార్తె తప్పింది ఆ పైవాడు, మనం కాదు. పడుగు తడిసింది, తెగలేదుగా! లేవండి!"

ముద్దయిన దారాల్ని నీళ్ళలో విడదీసి, మళ్ళీ గంజి కాచి, వరసగా కలిసి ఉన్న మూడిళ్ళ వసారాల్లో, చూరు కింద, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పడుగుని లాగి కట్టారు. రెండ్రోజులు మూడిళ్ళవాళ్ళూ ఎవరింట్లోకి వాళ్ళు దారాల కింద పాక్కుంటూ వెళ్ళారు. చీరలు శ్రావణానికి అందాయి, కాస్త బిరుసుగానే అనుకోండి. పురుగులు మాత్రం తమ కార్తెకే తీరిగ్గా వచ్చాయి. కొబ్బరిలౌజు నాకే దక్కింది.

అప్పుడు ఒక్క ఏడాది వింత, ఇప్పుడు ఏటా అదే తంతు. కోయిల పుష్యమాసంలోనే కూస్తుంది, ఉగాది వచ్చేసరికి వేపపూత రాలిపోయి ఉంటుంది, మామిడి రెండుసార్లు పూసి ఒక్కసారీ సరిగ్గా కాయదు. ఇదేం చోద్యమని ఒళ్ళు మండుతుంది నాకు. వీధిలో గుంజలు లేవు, పడుగు లేదు. మిగిలినవి నా రేకులషెడ్డులో రెండు మగ్గాలు.

మొన్న వేసవిలో సిమెంటు రోడ్డు వేస్తూ మేస్త్రి షెడ్డు ముందు నా జాగాదాకా వచ్చాడు.

"ఈ కాస్త ముక్క కూడా కలిపేస్తామండీ, ఊరికే బురద కదా."

"వద్దు నాయనా. అక్కడ ఆరుద్ర పురుగులు వస్తాయి."

"ఇంకెక్కడి పురుగులండీ, కాలాలే మారిపోతేనూ!"

"మారనీ. ఆలస్యంగా వచ్చినా దిగడానికి దానికి చోటుండాలిగా!"

మంచం తెచ్చి ఆ మట్టిమీదే వేసుకు కూర్చున్నాను. ముసలిదానికి చాదస్తమని వీధంతా నవ్వింది. ఆరుద్ర కార్తె వచ్చింది, పోయింది, ఒక్క పురుగూ లేదు. నవ్వు ఇంకాస్త పెరిగింది.

భాద్రపదంలో ఒక పొద్దున, ముసురులో, ఆ మట్టిమీద ఎర్రగా ఒకటి కదిలింది. ఒక్కటంటే ఒక్కటే. అరచేతిలోకి తీసుకుంటే కాళ్ళు ముడుచుకుని, కాసేపటికి విప్పి నడిచింది. ఇప్పుడా రావడం అని తిట్టాను, కళ్ళు తుడుచుకుంటూనే. దాన్ని మట్టిలో వదిలి, షెడ్డులోకెళ్ళి గంజి పొయ్యిమీద పెట్టాను. వానని దాని ఇష్టమొచ్చినప్పుడు రమ్మనండి. నా పడుగు తడుస్తుందేమో గానీ, తెగదు.