కత్తెరా, రైడింగ్ జాకెట్టూ

తెనాలి నుంచి బాపట్లకి ఉద్యోగానికి రోజూ బండి మీదే వెళ్ళొస్తాను. వయసు మీద పడేకొద్దీ ప్రాణం మీద తీపి పెరిగి, భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లున్న నల్లటి రైడింగ్ జాకెట్ కొనుక్కున్నాను. చెమటలు కక్కుతూ ఆఫీసులో దిగితే, "ఏంటి సార్, చంద్రమండలానికా?" అనేవాళ్ళు. పట్టించుకునేవాణ్ణి కాదు. అద్దం కనిపిస్తే మాత్రం ఓసారి ఆగేవాణ్ణి.

మొన్న కోతల రోజుల్లో రేపల్లెలో గృహప్రవేశానికని మా ఆవిడా నేనూ బయల్దేరాం. నాకు హెల్మెట్, జాకెట్, గ్లౌజులు. ఆవిడకి నేత చీర, తలలో చామంతులు. ఇంట్లో ఉన్నది ఒక్కటే హెల్మెట్. ఆవిడకి పెడితే పూలు నలుగుతాయని నా అంతట నేనే అనుకుని ఊరుకున్నాను.

దారిలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోశారు. ఎదురుగా లారీ వచ్చింది. వడ్ల మీదకి దిగాను. వడ్ల మీద బ్రేకు వెయ్యకూడదని మా వైపు అందరికీ తెలుసు. నేను వేశాను.

లేచి చూస్తే ఆవిడ పక్కకి తిరిగి పడుంది. గాభరాలో లేపి నీళ్ళు తాగించబోయాను. "తలకి తగిలిందన్నయ్యా, వదిన్ని కదపమాకండి!" అని వడ్లు తిరగేస్తున్నావిడ అరిచింది. అంబులెన్సులో మా ఆవిడ మెడకి పట్టీ వేశారు. "గృహప్రవేశం అయిపోయిందాండీ?" అని అడిగిందే అడుగుతోంది.

తెనాలి ఆసుపత్రిలో ఆవిణ్ణి తల స్కానింగుకి తీసుకెళ్ళారు. వాచిన నా చేతిని చూసి నర్సమ్మ జాకెట్ తియ్యడానికి కత్తెర తెచ్చింది.

"కత్తిరించకమ్మా, జిప్పుంది!"

"లాగితే భుజం కదులుద్దండి. ఎముక విరిగుంటే?"

"నెమ్మదిగా తీస్తాగా."

తియ్యబోయాను. చుక్కలు కనిపించాయి. నా కేకకి పక్క వార్డువాళ్ళు గుమ్మం దాకా వచ్చారు. నర్సమ్మ జాకెట్ చెయ్యి పొడుగునా కత్తిరించేసింది. పెళ్ళాం లోపల స్కానింగులో ఉంటే, నేనిక్కడ గుడ్డముక్క కోసం ఏడ్చాను. భుజం దగ్గర ఎముక చిట్లింది గానీ, చర్మం మీద గీత కూడా లేదు. "జాకెట్ పుణ్యమే సార్," అంది నర్సమ్మ. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

అంతలో ఆవిణ్ణి తెచ్చారు. తలలో ఏమీ లేదన్నారు. ఆ పరీక్ష నాకు చేసినా అదే వచ్చేది. కానీ ఆవిడకి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. నర్సమ్మ సెలైన్‌తో కడుగుతూ ఇసుకా, వడ్ల పొట్టూ ఒక్కొక్కటే ఏరుతోంది. ఆవిడ పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటోంది.

"సారు ఇన్ని తగిలించుకున్నారు, మీరు హెల్మెటన్నా పెట్టుకోలేదేంటమ్మా?"

"నేను ఆయన వెనకాలే కదమ్మా కూర్చుంది," అంది ఆవిడ.

దెప్పిందేమోనని మొహంలోకి చూశాను. దెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ ధైర్యంతోనే కూర్చుంది.