శౌరి మామ్మ మట్టిపూసలు

పటమటలో మేముండే వీధికి బందరు కాలువ ఎంతో దూరం కాదు. ఎండాకాలంలో నీళ్ళు కట్టేశాక పూడిక తీసి, ఆ నల్లటి ఒండ్రుని గట్టు మీద కుప్పలు పోస్తారు. చుట్టుపక్కల వాళ్ళు ముక్కు మూసుకుని కిటికీలు వేసుకుంటారు. నేను మాత్రం బాల్కనీ తలుపు తీసి నిలబడతాను. నాచు, నత్తగుల్లలు, కుళ్ళిన ఆకు, చేపపొలుసు అన్నీ కలిసిన ఆ పచ్చివాసన తగలగానే నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకోవడం మొదలుపెడతాయి, మధ్యలో శనగగింజంత మట్టి ఉండ ఏదో ఉన్నట్టు.

డెబ్బైల నాటి సంగతి ఇది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోయే దారిలో, కాలువగట్టు మీద వరసగా ఉండేవి మా చేపలోళ్ళ ఇళ్ళు. నాన్న వేట రోజుల్లో వారాల తరబడి సముద్రం ఒడ్డునే ఉండిపోయేవాడు. అమ్మ కాశమ్మ తెల్లారకముందే గంప నెత్తికెత్తుకుని ఊళ్ళ మీదకి వెళ్ళిపోయేది. నాకు చద్దన్నంలో ఉల్లిపాయ పెట్టి, కుండకి మూత పెట్టమని చెప్పి, గట్టు దిగొద్దని ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళేది. ఆ ఒట్టు అమ్మ మలుపు తిరిగేదాకానే.

కాలువకి అవతలి గట్టున క్రైస్తవుల పేట. నీళ్ళున్నన్నాళ్ళూ తాటిమొద్దు వంతెన మీద నడవాలంటే భయం గానీ, ఎండాకాలంలో కాలువ అడుగునుంచే అటూ ఇటూ పరుగెత్తేవాళ్ళం. పేట మధ్యలో పెంకులు కప్పిన చిన్న గుడి. వాళ్ళూ దాన్ని గుడి అనే అనేవారు, చర్చి అనగా నేనెప్పుడూ వినలేదు. ఫాదర్ గారు నెలకోసారి మోటారు సైకిల్ మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో ప్రార్థన నడిపించేది ఉపదేశి గారు. ఆ ఉపదేశి గారి అక్కే శౌరి మామ్మ. చిన్నతనంలోనే భర్త పోయి, తమ్ముడి పంచన చేరి, గుడి పక్క పాకలో ఒక్కతే ఉండేది. సాగిన చెవి తమ్మెలు, ఎప్పుడూ తెల్ల చీర, నడుం దగ్గర వక్కల తిత్తి. కోళ్ళనీ పిల్లల్నీ ఒకే గొంతుతో అదిలించేది.

పేటలో పిల్లలకి జపాలు నేర్పే పని మామ్మది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. పుస్తకం పట్టుకుని వల్లె వేయించే ఉపాయం లేకపోవడంతో ఆవిడ అంతా చేతులతోనే నేర్పేది. సిలువ గుర్తు వేసుకోవడం నేర్పడానికి మా వేళ్ళని ముగ్గుపిండిలో ముంచమనేది. నుదుట, గుండె మీద, ఎడమ భుజం మీద, కుడి భుజం మీద నాలుగు తెల్లమచ్చలు సరిగ్గా పడితే పడ్డట్టు, ఒకటి అటూ ఇటూ అయితే దులుపుకుని మళ్ళీ మొదలు. పరలోక జపానికి తొక్కుడుబిళ్ళ గీసేది. గడికో ముక్క. మాట తప్పినా, గీత తొక్కినా ఆట పోయినట్టే. "మా అప్పులను మీరు మన్నించండి" దగ్గర మా లూర్దు ఎప్పుడూ గీత తొక్కేది. లూర్దు నా ఈడుది, దాని వెనకే నేను మొదటిసారి ఆ వాకిట్లోకి వెళ్ళాను. ఎవరి పిల్లవని మామ్మ అడగలేదు. అడగకుండానే ఆవిడకి తెలుసు, వారానికి రెండుసార్లు మా అమ్మ దగ్గర చేపలు కొనేదిగా. నా వేలు కూడా ముగ్గుపిండిలో ముంచింది.

జపాల్లో మాటలు సగం నాకు అర్థమయ్యేవి కావు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అంటుంటే, అమ్మవారి జాతరలో నేను తిన్న ప్రసాదం గుర్తొచ్చి, ఎవరో పెద్దావిడ కడుపు నిండా పులిహోర తిని హాయిగా కూర్చుందనుకునేదాన్ని. అదే మామ్మకి చెబితే ఆవిడ వక్క పొలమారేంతగా నవ్వి, "పోన్లేవే, ఆయమ్మ ఏనాడు కడుపునిండా తిందో ఏమో. నువ్వైనా తినిపించావు" అంది.

ఆ ఏడు మామ్మ ఆరుగురు పిల్లల్ని మొదటి సత్ప్రసాదానికి సిద్ధం చేస్తోంది. పూజలో ఫాదర్ గారి చేతి మీదుగా మొదటిసారి అప్పం అందుకునే రోజది, ఆ పిల్లలకి పెళ్ళంత పండగ. దానికి ఎవరి జపమాల వాళ్ళే చేసుకోవాలని మామ్మ షరతు. పొద్దున్నే కాలువలోకి దిగి, పైన పగుళ్ళిచ్చిన పెచ్చు తీసేసి, కింద వెన్నలా ఉండే ఒండ్రు గంపల్లో తెచ్చేవాళ్ళం. రాయీ నత్తగుల్లా ఏరి, అరచేతిలో శనగగింజంత ఉండ చుట్టాలి. ఉండ చుట్టినంతసేపూ ఒక మంగళవార్త జపం, అదే ఆ మరియమ్మ జపం. జపం అయిపోయేసరికి ఉండ గుండ్రంగా రావాలి. గబగబా చెబితే ఉండ సొట్టపోయేది, నత్తనడకన చెబితే మట్టి ఆరిపోయి పగిలేది. ఎంత నిదానంగా చెప్పాలో మా చేతులకే తెలిసిపోయింది. పది చిన్నవాటికి ఒక పెద్దది, ఉసిరికాయంత, దానికి పరలోక జపం. మొత్తం యాభైమూడు చిన్నవి, ఆరు పెద్దవి. కొబ్బరి ఈనెతో బెజ్జం పెట్టి, చేట మీద నీడన ఆరబెట్టి, ఊక పొయ్యిలో కాల్చేది మామ్మ. మరునాడు బూడిద కెలికితే ఎర్రగా దొరికేవి. ఆ ఆరాటంలో మూతులకి బూడిద పూసుకున్న మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తలో తాటిముంజ చేతిలో పెట్టేది.

గుచ్చే దగ్గరే ఇబ్బంది వచ్చింది. మట్టిపూసల బరువుకి నూలుదారం తెగిపోయేది. రెండు మాలలు తెగి పూసలు వాకిలంతా దొర్లాయి. అప్పుడు నేను ఇంటికి పరుగెత్తి, నాన్న వల బాగుచేసుకునే నైలాన్ దారం ఉండలోంచి నాలుగు బారలు కోసుకొచ్చాను. పూసకీ పూసకీ మధ్య వలముడి వేశాను. మూడేళ్ళ నుంచీ నాన్న పక్కన కూర్చుని వేస్తున్న ముడే అది. మామ్మ మాల అందుకుని రెండు చేతులా లాగి చూసింది. "ఇది నేను పోయాకా తెగదు" అంది. ఆ మొదటి మాల మామ్మకే ఇచ్చాను. మిగతా ఆరుగురివీ నేనే ముడివేశాను.

ఆ వారమే మామ్మ తెల్ల గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. రోజూ వెళ్ళి లెక్కపెట్టుకునేదాన్ని. ఆరు పూర్తయ్యాయి. ఏడోదానికి గుడ్డ కనపడలేదు.

"మామ్మా, నా గౌనేది?" అన్నాను.

మామ్మ సూది ఆపింది. "నీకు కుట్టలేదమ్మా."

"నాకు అందరికంటే ముందు వచ్చేసిందిగా!"

"వచ్చింది. నీకొచ్చినంత బాగా ఎవరికీ రాలేదు. అయితే ఇది నోటికొస్తే తొడిగేది కాదే నాంచారూ. మీ అమ్మానాన్నా అనుకోవాలి. పెద్దయ్యాక నువ్వనుకోవాలి. నేను దొంగచాటుగా తొడగకూడదు."

నేను ఏడుస్తూ ఇంటికి పోయి, అమ్మ గంప దించీ దించకముందే తెల్లగౌను కావాలని అడిగాను. గౌను సంగతిలోంచి జపాల సంగతీ, జపాల్లోంచి దారం సంగతీ బయటికొచ్చాయి. అమ్మ నన్ను కొట్టలేదు. రెక్క పట్టుకుని కాలువ దాటించి మామ్మ వాకిట్లో నిలబెట్టింది.

"ఏంటండీ మామ్మగారూ, పొద్దస్తమానం నేను ఊళ్ళు తిరుగుతా ఉంటే, నా బిడ్డని మీలో కలిపేసుకుందావనుకున్నారా?"

పేట ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మామ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "లేదు కాశమ్మా. ఆడుకోడానికొచ్చింది, పొమ్మనలేకపోయాను. నీకొక మాట చెప్పాల్సింది. చేపలు తీసుకున్నప్పుడల్లా చెబుదామనుకుని, చెబితే పంపవని చెప్పలేదు. తప్పు నాదే."

పోట్లాటకి నడుం బిగించుకొచ్చిన అమ్మ నా రెక్క వదిలేసింది. మామ్మ గోడమేకుకున్న మాల తీసి, దారం తిరిగిచ్చేద్దామని ముడి విప్పబోయింది. వేలిగోళ్ళతో ఎంత పీకినా అది రాలేదు. అమ్మ ఆ మాల అందుకుని వెలుతురుకి పట్టి చూసింది.

"ఈ ముళ్ళు ఎవరేశారు?"

"ఇంకెవరు, నీ కూతురే."

అమ్మ ఒక్కో ముడినీ గోటితో నొక్కి చూసింది. "ఉంచండి," అని మాల ఆవిడ చేతిలో పెట్టి, నన్ను ఇంటికి లాక్కొచ్చింది. మళ్ళీ అటు వెళితే కాళ్ళు విరగ్గొడతానంది.

పండగ రోజున మా గట్టు మీద కూర్చుని చూశాను. ఆరుగురూ తెల్లగౌన్లలో, చేతుల్లో కొవ్వొత్తులతో, గుడి చుట్టూ కొంగల బారులా నడిచారు. మధ్యాహ్నం లూర్దు గౌనుతోనే కాలువ దాటి గ్లాసుడు సేమ్యా పాయసం తెచ్చింది. అమ్మ వైపు చూశాను. "తాగు," అంది అమ్మ, మొహం అటు తిప్పుకుని.

జూన్‌లో కాలువకి నీళ్ళొదిలారు. మా తొక్కుడుదారి మునిగిపోయింది. నాట్లయ్యి, ముసురుపట్టిన రోజుల్లో మామ్మకి పక్షవాతం వచ్చిందని తెలిసింది. కుడిచెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పోయింది. చేపలు వేయడానికి వెళ్ళిన అమ్మ ఆ రోజు గంప అరుగు మీద పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుంది.

"ఆవిడ ఎడంచేత్తో ఆ పూసలు తిప్పుతా ఉందే. నోరు కదుపుతా ఉంది గానీ మాట రావట్లా. మూతి చూసి పిల్లలు భయపడి ఒక్కరూ దగ్గరికి పోవట్లా." నా వైపు తిరిగి అడిగింది. "నీకొచ్చుగా అదంతా? మర్చిపోయావా?"

"మర్చిపోలా."

"అయితే లే. పోయి చెప్పు."

అమ్మే చెయ్యి పట్టుకుని తాటిమొద్దు మీద నడిపించింది. మామ్మని చూసి నాకూ భయం వేసింది. ఆ మొహం నేనెరిగిన మొహం కాదు. అమ్మ వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసింది. నేను నులకమంచం పక్కన కూర్చుని, మట్టి ఉండ చుట్టేటంత నిదానంగా మొదలుపెట్టాను. మామ్మ ఎడమచేతి వేళ్ళు ఒక పూస మీంచి ఇంకో పూస మీదకి జరిగాయి. నేనెక్కడున్నానో ఆవిడ వేళ్ళూ అక్కడే ఉన్నాయి. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దు వాలేవేళ వెళ్ళాం. వారం తిరక్కుండానే లూర్దు వచ్చి నా పక్కన కూర్చుంది, దాని వెనక మిగతా ఐదుగురూ. వాళ్ళొచ్చాక నేను లేచి జరగబోతే మామ్మ ఎడమచేత్తో నా పావడా పట్టుకుంది. అమ్మ గుమ్మంలో కూర్చుని పేటవాళ్ళ కోసం చేపలు తోమిపెట్టేది. కొరమీను దొరికిన రోజు పులుసు కాచి, ముల్లు తీసి మామ్మకి తినిపించేది.

కోతలు మొదలైన రోజుల్లో మామ్మ పోయింది. పెట్టెలో ఆవిడ చేతులకి ఆ మాలే చుట్టారు. అమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు. నన్ను ముందు నడిపించి సమాధుల తోట దాకా వచ్చింది, పేటవాళ్ళు పక్కకి జరిగి మాకు చోటిచ్చారు. నన్ను అటు పంపినందుకు మావాళ్ళలో కొందరు అమ్మని తప్పుపట్టారు. "నోరు పడిపోయినావిడకి నా కూతురు నోరిచ్చింది, దానికి కులమేంటి, మతమేంటి?" అని ఒక్కసారే జవాబిచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. తర్వాతెప్పుడూ నేను జ్ఞానస్నానం తీసుకోలేదు, తీసుకోవాలని నాకూ అనిపించలేదు. అమ్మవారికి మొక్కే చేతులే నావి ఈనాటికీ.

మొన్న వేసవిలో, హనుమాన్ జంక్షన్‌లో ఉంటున్న లూర్దూ నేనూ కలిసి ఆ ఊరు వెళ్ళాం. పెంకుల గుడి లేదు, దాని చోట గచ్చు పరిచిన పెద్ద గుడి లేచింది. తాటిమొద్దు చోట సిమెంటు వంతెన, కాలువ నిండా గుర్రపుడెక్క, గట్టు మీద మా ఇళ్ళ ఆనవాలే లేదు. పిల్లలకి జపాలు రంగుల పుస్తకాల్లో ఉన్నాయి, చక్కగానే చెబుతున్నారు. సమాధుల తోటని మెరకతోలి ఎత్తు చేశారు. మామ్మది మట్టిసమాధి, రాయి వేసినవాళ్ళు లేరు. మూడు వరసలు తిరిగి చూశాం.

"ఎక్కడని నిలబడతామే?" అంది లూర్దు, చెమట తుడుచుకుంటూ.

"ఎక్కడైతే ఏంటి? నువ్వు మొదలుపెట్టు," అన్నాను.

అది చెప్పులు విడిచి, మంగళవార్త జపం మొదటి సగం చెప్పింది. రెండో సగం నేనందుకున్నాను.