మా వరండా బడిలో సైగలు

పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో, తొంభైల మొదట్లో, కోహ్కాలోని మా అద్దె ఇంటి వరండాలో చిన్నపిల్లలకి బడి పెట్టాను. మా ఆయన ఉక్కు ప్లాంటుకి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, మా అత్తగారూ మిగిలేవాళ్ళం. ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. పిల్లలు నేను రాసే అక్షరాలకన్నా ఆవిడ నోటినే ఎక్కువ శ్రద్ధగా చూసేవారు.

పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళు, మిగతావాళ్ళ ఇళ్ళలో హిందీ, ఛత్తీస్‌గఢీ. నేను కాకి బొమ్మ చూపించి "కాకి" అంటే, "కౌవా" అని ఒకడు దిద్దేవాడు. ఎవరిది ఒప్పో తేలేలోపు అన్నాలవేళ అయిపోయేది.

ఒకరోజు ఒకావిడ నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పాపకి పుట్టుకతోనే చెవుడు. గుండెల మీద చిన్న వినికిడి పెట్టె వేలాడుతోంది, దాని తీగ చెవిలోకి వెళ్తోంది.

"అది పెట్టినా పెద్ద సప్పుడేదో కొంచెం తెలుస్తాది, మాట తెలీదు టీచరుగారూ. రెండు బళ్ళలో వద్దనీసినారు. మీకూ కష్టమైతే సెప్పీండి, ఏటీ అనుకోను," అంది.

నేను జవాబు చెప్పేలోపే పాప మా అత్తగారి ముందు చతికిలబడి, ఆవిడ నోట్లోంచి వస్తున్న పొగని చూసి పకపకా నవ్వుతోంది. రేపటినుంచి పంపించమన్నాను.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు అడిగారు: "ఇనబడని పిల్లకి పాఠమెలా సెప్తావే?"

"తెలీదత్తయ్యా."

"తెలీకపోతే రమ్మన్నావెందుకు?"

"మిమ్మల్ని చూసి నవ్విందిగా. బావుందనిపించింది."

"ఓలమ్మో! నన్ను సూసి నవ్వినోళ్ళందర్నీ సేర్చుకుంటే నీ వరండా సాలదు," అన్నారావిడ.

పాప వచ్చిన మర్నాటికే నాకు మొదటి చిక్కు ఎదురైంది. ఆ పెట్టె అందరికీ నచ్చేసింది. తెల్లారేసరికి సగం క్లాసు మెళ్ళో అగ్గిపెట్టెలు కట్టుకుని, వాటి దారాలు చెవుల్లో కుక్కుకుని వచ్చేశారు. ఏం చెప్పినా "సునాయీ నహీ దేతా దీదీ, వినబడ్డంలేదు, పెట్టె పాడైపోయింది" అని ఒకటే జవాబు. నిజంగా వినబడని పిల్ల ఒక్కతే నా మొహంలోకి చూసి నేను చెప్పినట్టు కూర్చుంది.

అలా ఆ పిల్ల చూస్తుంది కదా అని నేను చేతులతో చెప్పడం మొదలుపెట్టాను. పాటకీ సైగలే, కథకీ సైగలే. మిగతా సైగలు పిల్లలే కల్పించారు. రెండు మోచేతులు ఆడిస్తే కాకి. దాంతో కౌవా తగువు తీరిపోయింది. ముక్కు మీదికి కళ్ళజోడు తోసుకుంటే నేను. పాప ఇంకో అడుగు ముందుకేసి, వేలు తిప్పి నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగించింది. అది మా అత్తగారు. ఆవిడ చూసి మండిపడ్డారు. కానీ పిల్లలు గుమ్మంలో నిలబడి అలా పిలిచినప్పుడల్లా మాత్రం "ఏటే?" అంటూ వంటింట్లోంచి వచ్చేసేవారు.

వానలు మొదలయ్యే వేళకి ఫిర్యాదు వచ్చింది. తెచ్చినాయన ప్లాంటులో రిగ్గరు. క్రేన్ కింద నిలబడి, పైన కేబిన్‌లో కూర్చున్న ఆపరేటరుకి బరువు ఎటు దించాలో చెప్పే పని. వాళ్ళబ్బాయి మా బడిలో పెద్ద అల్లరివాడు.

"మావోడు నీళ్ళు కావాలన్నా నోరిప్పడం నేదు మేడమ్. బొటనవేలు నోటికాడ పెడతన్నాడు. ఆడికి మాటొచ్చు గదా! ఇలాగైతే బడి మానిపించేస్తాను."

మరో నలుగురు తల్లులూ అదే మాట అన్నారని తెలిసింది. నాకు భయం వేసింది. పాపని పంపించెయ్యమంటారేమోనని. ఆదివారం పొద్దున్న అందర్నీ రమ్మన్నాను.

అందరూ వచ్చారు, అందరూ ఒక్కసారే మాట్లాడారు. తెలుగులో కొందరు, హిందీలో కొందరు. రిగ్గరుగారు అందరికన్నా గట్టిగా, "మనిసన్నాక నోటితో మాటాడాల!" అంటున్నారు. ఇంతలో ఆయన కొడుకు కిటికీ చువ్వలు పట్టుకుని ఇంటి చూరుదాకా ఎక్కేశాడు. "ఒరేయ్, దిగు!" అని ఆయన అరిచారు. ఆ గోలలో వాడికేం వినబడుతుంది? ఆయన చటుక్కున చెయ్యి చాచి అరచెయ్యి చూపించారు. వాడు ఉన్నచోటే ఆగిపోయాడు. తర్వాత చూపుడువేలు కిందికి పెట్టి మెల్లగా తిప్పారు. వాడు మెల్లగా, ఒక్కొక్క చువ్వే దిగాడు. కిటికీ పక్కన నిలబడ్డ పాప కూడా ఆ వేలునే చూస్తూ, దానితోపాటే వంగి నేలమీద కూర్చుంది.

అందరూ ఆయన వేలు వంకే చూస్తున్నారు. పాప తల్లి మెల్లగా అడిగింది: "అన్నయ్యగారూ, ఇప్పుడు మీరు నోటితో ఏటన్నారు?"

"అది డ్యూటీ అలవాటమ్మా. ప్లాంటులో ఆ మోతలో నోటితో సెప్తే ఎవడికి ఇనబడతాది?" అన్నారాయన. అనేశాక ఆగి, పాప వైపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముందు నవ్వింది ఆయన భార్యే. తర్వాత ఆయనా నవ్వేశారు.

పిల్లల్ని ఎవరూ మానిపించలేదు. ఇంట్లో మాత్రం నోటితోనే నీళ్ళు అడగాలని నేను పిల్లలందరికీ గట్టిగా చెప్పాను. తర్వాతి ఆదివారం రిగ్గరుగారే వచ్చి క్రేన్ ఆట నేర్పారు. ఒకరు క్రేను, ఒకరు రిగ్గరు. చేతి సైగని బట్టి చెక్కముక్కని ఎత్తి, జరిపి, గీసిన గళ్ళో దించాలి. పైకి, కిందికి, కుడి, ఎడమ, మెల్లగా అన్నవి క్లాసంతటికీ ఆ ఆటలోనే వచ్చాయి. పాప ఎప్పుడూ రిగ్గరే. ఎవరికీ ఆ ఉద్యోగం వదిలేది కాదు. ఒకసారి మా అత్తగారినే క్రేనుగా పెట్టి, వంకాయ ఒకటి ఎత్తించి వరండా అంతా తిప్పింది. "ఈ గుంట నా నడుం ఇరగ్గొట్టీసింది" అంటూనే ఆవిడ ఆఖరిదాకా వంకాయ కింద పడనివ్వలేదు.

మరుసటేడు పాపని ఒకటో తరగతిలో చేర్చడానికి నేనూ వెళ్ళాను. మా బడి పిల్లలు కొందరు అదే స్కూల్లో చేరుతున్నారు. పెద్ద టీచరు సందేహిస్తుంటే, "మా పిల్లలు పక్కన కూర్చుంటారు, ఆ అమ్మాయికి ఏదైనా ఎలా చెప్పాలో వాళ్ళకి తెలుసు" అన్నాను. కొంచెం ఆలోచించి ఆవిడ ఒప్పుకుని, ముందు బల్ల ఇచ్చారు.

కొన్నేళ్ళు అక్కడ చదివాక పాప రాయ్‌పూర్‌లో వినలేని పిల్లల బడికి వెళ్ళింది. దసరా సెలవుల్లో మా ఇంటికొచ్చి, అసలైన సైగల భాష నేర్చుకొచ్చానని చూపించింది. నేను మురిసిపోయి మా పాత పద్ధతిలో "బాగా చదువుకో" అన్నాను. తను తల అడ్డంగా ఊపి, నా వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే సరిచేసి, మళ్ళీ చెప్పమంది. రెండోసారీ తప్పే చెప్పాను. నెత్తి కొట్టుకుంది.