గోల్ కాడ తెలుగులో అరిచిన ఏడాది

మా చిన్నప్పుడు కాదు... మా చిన్నోడు కాలేజీలో ఉన్నప్పటి మాట. తొంభైల్లో. విరుదునగర్‌లో ఒక గ్రౌండు, కంచె ఇవతల నేనూ మా ఆయనా. నా ఒళ్ళో సద్ది మూట. ఆయన ఆట చూడటం లేదు... చేతి గడియారం చూస్తున్నాడు.

మాది తమిళనాడులో నాగలాపురం పక్క పల్లె. నల్లరేగడి, మెట్ట సేద్యం. వాన పడితే మిరప, పడకపోతే ఆకాశం. నేను బడిలో చరిత్ర చెప్పేదాన్ని. మా గురుసామి కోవిల్‌పట్టిలో కాలేజీ రెండో ఏడు, ఫుట్‌బాల్ టీముకి గోల్‌కీపరు. వాడికి మేమిచ్చిన ఆస్తి పొడుగు ఒక్కటే... దాన్నే వాడు పనికి పెట్టుకున్నాడు.

ఆ ఏడు వాళ్ళు గెలిచింది లేదు. మొదటి ఆట ఓడారు, రెండోదీ ఓడారు, మూడోదానికి నేను అడగడం మానేశాను. చెప్పులు విప్పే తీరు చూస్తే తెలిసిపోయేది.

మా ఆయన ఒకరోజు తేల్చి చెప్పేశాడు. ఈ ఏడు ఒక్క ఆటైనా గెలిస్తే కాలేజీ, బంతీ రెండూ ఉంటాయి. లేదంటే చేనుకి రావాలి. ఆయనది తప్పని అనను. రెండేళ్ళుగా వాన లేదు, నడుము పట్టేసి పొద్దున లేవలేకపోయేవాడు. ఇంకో జత చేతులు కావాలి మరి.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. చదువుకున్నదాన్ని కదా...

మావైపు ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బస్సులో, అంగట్లో, బడిలో ఎవరూ ఇంటిమాట బయటికి తీయరు. సర్వీసంతా క్లాసులో ఒక్క తెలుగు మాట అననిదాన్ని నేను. మావాడి టీములో వెనక ఆడే నలుగురూ ఎట్టయాపురం చుట్టుపక్కల మన ఇళ్ళ పిల్లలే. వాడితో అన్నాను...

"ఏమ్రా, గోల్ కాడ నిలబడి తమిళంలో ఎందుకు అరిచేది? ఎదుటోళ్ళకి చెవులు లేవా? మన మాటలో చెప్పు. ఎవుడికి తెలస్తాది?"

వాడికి నచ్చింది. ఆ నలుగురికీ నచ్చింది. భలే ఉపాయమని పీటీ మాస్టారు కూడా మెచ్చుకున్నాడట.

తమిళంలో రెండు గోల్స్ తేడాతో ఓడేవాళ్ళు... తెలుగులో ఐదు.

అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. కాళ్ళలో బలం లేదనుకుని సజ్జ అంబలి చెంబు నిండా పోసి తాగించాను.

మిగిలింది విరుదునగర్ ఆట ఒక్కటే. ఆరోజు మావాళ్ళే ముందు గోల్ కొట్టారు. ఆట అయిపోవడానికి ఇంకో పది నిమిషాలున్నాయి. మా ఆయన గడియారం మీంచి తల ఎత్తి, నెమ్మదిగా, "వానికి కొత్త బూట్లు కావాలేమో," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అన్న మాటల్లో దాచుకోదగ్గవి తక్కువ. అదొకటి.

అంతలో వాళ్ళకి కార్నర్ వచ్చింది. గురుసామి గట్టిగా అరిచాడు... "నేను ముందుకొస్తా, మీరు ఈపక్క గుంజ కాడ నిలవండి."

కార్నర్ కొట్టే పిల్లాడు ఒక్క క్షణం ఆగాడు. బంతి మావాడి తల మీదుగా ఆపక్క గోల్ గుంజ కాడికి పోయింది. అక్కడ మావాళ్ళెవరూ లేరు. వాళ్ళవాడున్నాడు.

ఇంకాసేపటికి అదే పిల్లాడు బంతితో దూసుకొచ్చాడు. "ఎడమకి పోతాడు, ఎడమకి," అని మావాడు అరిచాడు. వాడు తాపీగా కుడికి పోయి రెండోది కొట్టాడు.

విజిల్ అయ్యాక ఆ పిల్లాడే వచ్చి గురుసామి చెయ్యి పట్టుకున్నాడు. మంచి పిల్లాడే. తెలుగులో అన్నాడు...

"ఏమీ అనుకోవద్దన్నా. మీరు అరిచేదంతా మాకు తెలస్తానే ఉండె. మా ఇంట్లోనూ ఇదే మాట. మా టీములో ఆరుగురం ఉండాము."

చరిత్ర టీచర్ని. మా తెలుగోళ్ళు ఈ సీమకి ఎందుకొచ్చారో, ఏ ఏ ఊళ్ళలో దిగారో కళ్ళు మూసుకుని పటం గీయగలను. విరుదునగర్ ఆ పటంలోనే ఉంది.

గురుసామి ఆ పిల్లాడి వైపు చూడలేదు. కంచె ఇవతల ఉన్న నా వైపు చూశాడు.

బస్సెక్కాం. సద్ది మూట విప్పలేదు. కోవిల్‌పట్టి దాటాక మా ఆయన, "రేపు పొద్దున గుంటక తోలాల," అన్నాడు. బూట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చి కంచంలో పెట్టి, ఇంకొంచెం వెయ్యనా అన్నాను. "వేండామ్మా," అన్నాడు. అంతకుముందు రోజు దాకా "వద్దమ్మా" అన్నవాడు. అలిసిపోయాడులే అనుకున్నాను... మర్నాడూ తమిళమే. ఆ మర్నాడూ అంతే.

బూట్లు అటకెక్కాయి. కాలేజీ ఆగిపోయింది. రెండేళ్ళు చేనులో చేసి, అదీ ఎండిపోయాక కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో చేరాడు. పెళ్ళి, పిల్లలు అన్నీ అయ్యాయి. నన్ను బాగానే చూసుకుంటాడు... తమిళంలో. పిల్లలకి ఇంటిమాట ఎందుకు నేర్పలేదురా అని ఒకసారి అడిగాను. "ఎందుకమ్మా, అందరికీ తెలిసిన మాటే కదా," అన్నాడు. అదీ తమిళంలోనే. నాలుక మాత్రం నాదే వచ్చింది వాడికి.

రిటైరయ్యాక పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇదిగో, ఇలా రాయడానికి. ఆంధ్రా వాళ్ళకి నా తెలుగు పాతబడ్డట్టు ఉంటుందట... ఉండనీ.

ఆ రోజుల్లో గుట్టుగా అరిచిన మాట గ్రౌండంతటికీ అర్థమైపోయింది. ఇప్పుడు మా ఆయనా లేడు, నట్టింట్లో నిలబడి అరిచినా అర్థమయ్యేది మావాడొక్కడికే... వాడు ఆ మాటలో జవాబు చెప్పడు.

మీ ఇళ్ళలో కూడా ఇట్లా దాచుకుని దాచుకుని పోగొట్టుకున్న మాటలుంటే కింద రాయండి. తెలుగులోనే రాయండి. గుట్టు బయటపడుతుందని భయం వద్దు... మా ఇంట్లో అవి చదవగలిగేది నేనొక్కదాన్నే.