దొంగ కరెంటు

గోదావరిఖనిలో మా బొగ్గుగని కంపెనీ క్వార్టర్లకు కరెంటు బిల్లు ఉండేది కాదు. అందుకే హీటరు పొద్దున వేస్తే రాత్రి దాకా ఎర్రగా కాలుతూనే ఉండేది. అన్నం, కూర, స్నానానికి నీళ్ళు. ఏమీ లేనప్పుడు ఊరికే. ఆర్పితే మళ్ళీ వేడెక్కడానికి ఆలస్యమవుతుందని అమ్మ వాదన.

కాలనీ గోడకు అవతల గుడిసెలు. అందులో ఒకటి కాకది. సొంత బాబాయి కాదు, నాన్న స్నేహితుడు. ఆయనా నాన్నా ఒకే రోజు గనిలో దిగి, పక్కపక్కన బొగ్గు నింపినవాళ్ళు. తర్వాత నాన్న కాలనీ కరెంటు లైన్లు చూసే పనికి మారాడు. కాకకు దగ్గు పట్టుకుంది. నాగాలు పెరిగి ఉద్యోగం పోయింది, దాంతో క్వార్టరూ పోయింది. ఊపిరాడని ఆయన కోసం ఆయన బిడ్డ, నేను అక్క అని పిలిచే ఆమె, మా వీధి స్తంభానికి వైరు తగిలించి ఒక టేబుల్ ఫ్యాను తిప్పేది.

ఎండలు ముదిరాక ఒకరోజు మా వరుసకు ఫ్యూజు పోయింది. నాన్న నిచ్చెన వేసుకుని మొదట ఆ వైరునే కత్తిరించాడు.

అక్క వచ్చి మా గుమ్మంలో నిలబడింది. వాళ్ళ నాన్న రాత్రంతా కూర్చునే ఉంటున్నాడని, వానలు పడేదాకా ఉండనివ్వమని మెల్లగా అడిగింది. నాన్న కోప్పడలేదు. ఎవరు చేసినా దొంగతనం దొంగతనమేనని నచ్చజెప్పి, చాయ్ తాగి పొమ్మన్నాడు. ఆమె తాగకుండానే వెళ్ళింది.

నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాను. కాగితం కూడా అక్కరలేని లెక్క అది.

"బాపూ, మన హీటరు ఒక్కటి గుంజే కరెంటుకు గసొంటి ఫ్యాన్లు ముప్పై తిరుగుతయి. ఫ్యూజు పోయింది ఫ్యానుతోని కాదు."

"మనది హక్కురా. కంపెనీకి చెమట పోసిన నేను."

"కాక పొయ్యలేదా?"

"డ్యూటీకి పోనోనికి హక్కేంది?"

ఆ మాట అన్నప్పుడు నాన్న హాజరు వేయించుకుని, షిఫ్టు మధ్యలోనే ఇంటికొచ్చి అన్నం తింటున్నాడు.

కొద్దిరోజులకు అక్క కాకను రామకృష్ణాపూర్‌లో మేనమామ ఇంటికి తీసుకుపోయింది. వానలు మొదలవకముందే ఆయన పోయాడు.

కబురందగానే నాన్న, నేను బస్సెక్కాం. నాన్న కాక పాదాలు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. కాసేపటికి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో అన్నాడు, "మంచోడు. డ్యూటీ సక్కగ చేసుకుంటే గీ గతి పట్టకపోవు."

నీళ్ళ చెంబుతో వచ్చిన అక్క ఆ మాట విన్నది.

"ఔ పెద్దబాపు. మా బాపు నీ మాట ఇనకపాయె."

నాన్న తలూపి నీళ్ళు తాగాడు. ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. లేదు. ఆమె నిజంగానే నమ్మింది.