మూడో వరుసలో నిలబడ్డ మనిషి

ఢిల్లీ ప్రార్థన సభలో జాతిపిత హత్యను కళ్లారా చూసినవాళ్ల జ్ఞాపకాలను ఆ రోజుల్లో రికార్డు చేస్తుండేవాణ్ణి. ఒకసారి ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, పక్కన కూర్చున్న ముసలాయన నా ఒళ్లోని టేపు రికార్డరు చూసి ఎందుకని అడిగాడు. చెప్పాను.

“ఆ పొద్దు నేను ఆడనే ఉంటినప్పా. గుడ్డల బేరానికి పోయి, ఆయప్పను సూద్దామని మూడో వరుసలో నిలబడినా,” అన్నాడు.

మీట నొక్కబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“తుపాకీ పేలినాక, కాల్సినోడు ముసల్మాను కాకుంటే సాలు, అల్లా, అనుకుంటి. అయింటే మావాళ్లను బతకనిస్తారా? కాదని రేడియోలో సెప్పినాక రొట్టె తిని పండుకున్నా. ఆయప్ప కోసం ఏడుపు రాలేదప్పా. ఈ పొద్దుకీ రాలేదు.”

ఎమ్మిగనూరులో ఆయన దిగి వెళ్లిపోయాడు. బస్సు ఖాళీ అయింది. కండక్టరు వచ్చి “దిగాలప్పా” అనేదాకా నేను సీట్లోనే కూర్చున్నాను.